ముప్ఫై ఎనిమిది వేల ఎనభై ఒక్కమంది

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గదబల సంఖ్య 38,081. అంతకు పదేళ్ల ముందు 36,078. పెరిగింది 2,003 మంది, అంటే అయిదున్నర శాతం. అదే పదేళ్లలో రాష్ట్రంలోని షెడ్యూల్డు తెగల జనాభా మొత్తం మీద 17.8 శాతం పెరిగింది. గదబలతో కొండల్నీ సంతల్నీ పంచుకునే కోదులు 85,324 నుంచి 1,03,290కి చేరారు. అది 21 శాతం. పోర్జలు 32,669 నుంచి 36,502 అయ్యారు. పదకొండున్నర శాతం పైన. గోదావరి వైపు కొండరెడ్లు దాదాపు 30 శాతం పెరిగారు. అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచింగిపుట్టు మండలాల్లో గదబ, పోర్జ, కోదు ఊళ్లు దగ్గర దగ్గరగానే ఉంటాయి. తాగేది ఒకే గెడ్డ నీళ్లు, పట్టి పీడించేది ఒకే మలేరియా, నడిచి వెళ్లేది ఒకే పీహెచ్‌సీకి. అలాంటప్పుడు ఒకరి సంఖ్య అయిదు శాతం, పక్కవాళ్ల సంఖ్య 21 శాతం పెరగడాన్ని పుట్టుకలు, చావులతోనే వివరించలేం.

ఇంకో సంఖ్య చూడండి. ఆదిలాబాద్ ప్రాంతపు తోటీలు 2001లో 2,074 మంది, 2011లో 4,811 మంది. ఏ మానవ సమాజమూ పదేళ్లలో కాన్పులతోనే ఇంత పెరగదు. అంటే ఈ అంకెల్లో మనుషులతో పాటు మరేదో కూడా లెక్కకు వస్తోంది. ఒకసారి ఒక పేరు కింద రాసుకున్నవాళ్లు మరోసారి ఇంకో పేరు కింద రాసుకోవడం, ఒక ఊరి కింద పడినవాళ్లు మరో ఊరి కింద పడటం, ఒక జిల్లాలోని వాళ్లు గీత మారి పక్క జిల్లాలో తేలడం, అన్నీ ఆ సంఖ్యలో కలిసిపోయి ఉన్నాయి.

నాకు అర్థమైనంతలో తూర్పు కనుమల్లో జనాభా లెక్కకు ఉన్న పెద్ద లోపం మనుషుల్ని లెక్కపెట్టడంలో లేదు. కొండెక్కి వెళ్లే టీచర్లూ, గ్రామ సచివాలయ సిబ్బందీ చాలావరకు నిజాయితీగానే తిరుగుతారు. లెక్కపెట్టిన మనిషిని ఏ ఊరి కింద వెయ్యాలి, ఏ పేరు కింద వెయ్యాలి అన్న దగ్గర లెక్క చెడుతోంది. లక్షల్లో ఉన్న కులానికి దీనివల్ల పెద్ద తేడా పడదు. నాలుగైదు వేలమంది ఉన్న తెగకు, అరవైమంది ఉన్న ఊరికి మాత్రం ఉండటమూ లేకపోవడమూ దీని మీదే ఆధారపడుతుంది.

ముందు పేరు సంగతి. 38,081 అన్న సంఖ్యలో ఉన్నది ఒక్క తెగ కాదు. షెడ్యూల్డు తెగల జాబితాలో గదబల వరుస ఇలా ఉంటుంది: గదబలు, బోడో గదబ, గుటోబ్ గదబ, కల్లాయి గదబ, పరంగి గదబ, కఠేరా గదబ, కాపు గదబ. 2002 సవరణ చట్టంతో ఇన్ని పేర్లు ఒకే వరుసలోకి వచ్చాయి. వరుస ఒకటే కాబట్టి జనగణన ఇచ్చే మొత్తమూ ఒకటే. ఇందులో బోడో గదబ, గుటోబ్ గదబలను ప్రభుత్వమే ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలుగా, అంటే అధికారులూ ఊళ్లవాళ్లూ కూడా పీవీటీజీ అనే కోవలో, గుర్తించింది. ఉమ్మడి రాష్ట్రంలో అలాంటి పేర్లు పన్నెండు. కానీ ‘గుటోబ్ గదబలు ఎంతమంది’ అని అడిగితే జనాభా లెక్కల్లో జవాబు దొరకదు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ పీవీటీజీల పట్టికలో కూడా మొత్తం గదబల సంఖ్యనే బోడో గదబల ఎదుట వేసి, గుటోబ్ గదబల ఎదుట సంఖ్య లేకుండా వదిలేశారు. ఎవరి కోసం పథకం పెట్టారో వాళ్లు ఎందరో ఆ పథకం కాగితంలోనే లేదు.

అండమాన్ దీవుల్లో గ్రేట్ అండమానీలకు 2011 పట్టికలో సొంత వరుస ఉంది, 44 మంది అని. ఎవరూ దగ్గరికి వెళ్లలేని సెంటినలీలను కూడా దూరం నుంచి చూసి 15 మంది అని నమోదు చేశారు. జాబితాలో వాళ్లకు వేరే వరుస ఉంది కాబట్టి నలభై నలుగురి తెగకు లెక్క ఉంది. వేలల్లో ఉన్న గుటోబ్ గదబలకు వేరే వరుస లేదు కాబట్టి లెక్క లేదు. తెగ చిన్నదై కనబడకపోవడం వేరు, జాబితాలో రాసిన తీరువల్ల కనబడకపోవడం వేరు. మన దగ్గర జరిగింది రెండోది.

సరిహద్దు దాటితే పరిస్థితి మరోలా ఉంటుంది. ఒడిశాలో 2011 నాటికి గదబలు 84,689 మంది. అక్కడి పీవీటీజీ జాబితాలో పదమూడు పేర్లున్నాయి, గదబ పేరు మాత్రం లేదు. అదే భాష, అదే డప్పు, అదే థింసా నాట్యం. మాచ్‌ఖండ్ నదికి ఒక ఒడ్డున ఉన్న కుటుంబం ప్రత్యేకంగా బలహీనమైన సమూహం, ఎదుటి ఒడ్డున ఉన్న మేనమామ కుటుంబం మామూలు ఎస్టీ. జోలాపుట్ జలాశయం కట్టినప్పుడు ఈ ఊళ్లవాళ్లు అటూ ఇటూ చెదిరిపోయారు. కొందరు ఒడిశాలో ఉండిపోయారు, కొందరు ముంచింగిపుట్టు వైపు ఎక్కారు. వాళ్ల మనవలు ఈరోజు ఏ కోవలో ఉన్నారన్నది ఆనాడు తాత ఏ గట్టుకు చేరాడన్న దాని మీద తేలింది.

పేరు వల్ల నష్టపోయినవాళ్లలో పోర్జలను కూడా చెప్పుకోవాలి. బోండో పోర్జ, కోదు పోర్జ అని తమను తాము చెప్పుకునే కుటుంబాలకు ఆ పేర్లు జాబితాలో లేకపోవడంతో చిక్కులు వచ్చాయి. కొండ సవరలదీ అదే బాధ. పీవీటీజీగా ఒక కాగితం గుర్తించేది, ఎస్టీ జాబితా అనే మరో కాగితంలో ఆ పేరే ఉండేది కాదు. 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆంధ్రప్రదేశ్ ఎస్టీ జాబితాను సవరించి బోండో పోర్జ, కోదు పోర్జ పేర్లను పోర్జ వరుసలోనూ, కొండ సవర పేరును సవర వరుసలోనూ చేర్చింది. ధ్రువపత్రాల బాధ దీనితో తీరాలి. లెక్క బాధ మాత్రం తీరదు. వరుస పాతదే, అందులో ఇంకో పేరు చేరింది, అంతే. ముందు కనిపించనివాళ్లు ఇప్పుడు చట్టబద్ధంగా ఆ మొత్తంలో కలిసిపోతారు.

ఇంటి గుమ్మం దగ్గర ఈ ప్రశ్న ఎలా నడుస్తుందో ఈ ఊళ్లు తిరిగినవాళ్లకి తెలుసు. ఎన్యూమరేటర్ అరుగు మీద కూర్చుని ఇంటి పెద్దను అడుగుతాడు, ‘ఏ కులం తాతా?’ అని. ‘గదబోళ్లం బాబూ’ అంటాడాయన. ఇక తరవాతి ప్రశ్న ఉండదు. ఏ గదబ అని అడగాల్సిన గడి ఫారంలో లేదు. అడిగితే ఆయన తడుముకోకుండా చెబుతాడు. పెళ్లి సంబంధాలు ఎవరితో కలుపుకోవాలో, ఎవరితో కూడదో ఆయనకు తెలిసినంత స్పష్టంగా ఏ పట్టికకూ తెలియదు. వయసు దగ్గర మాత్రం ఇద్దరూ ఆగుతారు. ‘నలభై రాసుకో’ అనే మాటతో అది తేలిపోతుంది. అందుకే గ్రామీణ భారతదేశంలో ఎక్కడ చూసినా వయసుల పట్టికలో ముప్ఫై, నలభై, యాభైల దగ్గర గుట్టలు కనిపిస్తాయి, ముప్ఫై తొమ్మిది, నలభై ఒకటిల దగ్గర గుంటలు.

భాష సంగతి క్లుప్తంగా చెబుతాను. గుటోబ్ ముండా కుటుంబపు భాష. సంతాలీకి చుట్టం, కంబోడియాలోని ఖ్మేర్‌కు దూరపు చుట్టం. గదబ పేరుతోనే చలామణీ అయ్యే కొనెకోర్ మాత్రం ద్రావిడ భాష. పేరి భాస్కరరావు 1980లో దాని మీద పుస్తకం తెచ్చారు. భాషావేత్తలు ఇంత కష్టపడి విడదీసిన గదబ భాషల్ని జనగణన ‘గదబ’ అన్న ఒకే పేరు కింద చూపిస్తుంది. 2011లో దేశం మొత్తం మీద ఆ భాష తమదని చెప్పినవాళ్లు 40,976 మంది. ఆంధ్ర, ఒడిశా గదబలను కలిపితే లక్షా ఇరవై రెండు వేల పైన. అంటే గదబల సంఖ్యలో మూడో వంతు మాత్రమే గదబ భాషకు దక్కింది. మిగిలినవాళ్లు ఆదివాసీ ఒడియాకో తెలుగుకో మారిపోయారా, ఎన్యూమరేటర్‌కు తెలుగులో జవాబిచ్చినందువల్ల తెలుగు అని పడిపోయారా అన్నది ఆ అంకె చెప్పలేదు. దేశం మొత్తం మీద పదివేలమంది కంటే తక్కువ మాట్లాడే భాషలకు 1971 నుంచి విడిగా లెక్క అచ్చు వేయడమే లేదు.

ఇక ఊరు. అసలు సమస్య ఇక్కడే ముదిరింది.

జనగణనకు గ్రామమంటే రెవెన్యూ గ్రామం. దానికో కోడ్, విస్తీర్ణం, దాని ఎదుట ఇళ్లు, జనం, ఆడ, మగ, ఆరేళ్లలోపు పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, చదువుకున్నవాళ్లు, సాగుదారులు, కూలీలు. కోస్తాలో ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. రెండు వేలమంది ఉన్న ఊరు, దాని చుట్టూ దాని పొలాలు. కొండల్లో ఊరు అలా ఉండదు. పూర్వపు విశాఖపట్నం జిల్లాలో మూడు వేలకు పైగా రెవెన్యూ గ్రామాలు ఉండటానికి కారణం ఏజెన్సీలోని చిన్న చిన్న ఊళ్లే. అన్ని వేల పేర్లున్నా కొండ మీద మనిషికి తన ఊరు ఆ జాబితాలో కనిపించకపోవచ్చు. పోడు కోసమో, నీటి కోసమో, పాత ఊళ్లో వరసగా చావులు వచ్చాయనో పది కుటుంబాలు విడిపోయి ఇంకో గట్టు మీద ఇళ్లు వేసుకుంటాయి. ఆ కొత్త ఊరికి జనం నోట పేరు ఉంటుంది, రెవెన్యూ రికార్డులో ఉండదు. వాళ్లు వదిలి వచ్చిన పాత ఊరు మాత్రం రికార్డులో బతికే ఉంటుంది, సున్నా జనాభాతో, బేచిరాగ్ గ్రామంగా. శివారు గ్రామంలోని వాళ్లను ఎన్యూమరేటర్ లెక్కపెడతాడు, నిజమే. లెక్కపెట్టి మూడు కిలోమీటర్ల కింద ఉన్న రెవెన్యూ గ్రామంలో కలుపుతాడు. అచ్చయిన పుస్తకంలో ఆ కింది ఊరికి రోడ్డు ఉంది, కరెంటు ఉంది, బడి ఉంది అని ఉంటుంది. పై ఊరివాళ్లు కూడా ఆ రోడ్డూ ఆ బడీ ఉన్నవాళ్లలో జమ అయిపోతారు.

పై ఊరి నుంచి కాన్పు మనిషిని డోలీ కట్టి మోసుకొస్తున్నారని పేపర్లో వార్త వస్తుంది. అధికారి రికార్డు తీస్తే ఆ గ్రామానికి రోడ్డు ఉన్నట్టే ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరు ఊరి గురించి, ఇంకొకరు రెవెన్యూ గ్రామం గురించి.

విచిత్రం ఏమిటంటే చట్టం కొండ ఊరిని ఎప్పుడో సరిగ్గా అర్థం చేసుకుంది. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో గ్రామమంటే ఒక ఆవాసం, లేదా కొన్ని ఆవాసాలు, శివారు గ్రామాల సముదాయం. తమ కట్టుబాట్ల ప్రకారం తమ వ్యవహారాలు తామే చూసుకునే జనసమూహం. 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఈ నిర్వచనాన్ని గౌరవించింది. గ్రామసభ కోసం, పట్టా కోసం ఆ పదిళ్ల ఊరు ఊరే. జనగణన దగ్గరికి వచ్చేసరికి కాదు. ఒకే దేశపు రెండు చట్టాల మధ్య ఉన్న ఈ ఖాళీని పూడ్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ఒక పట్టికలో ఇంకో నిలువు గడి చాలు.

ఊరి లెక్కను మార్చేసే ఇంకో సంగతి ఉంది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఏజెన్సీ పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉండి చదువుకుంటారు. హాస్టల్లో ఉండేవాళ్లను జనగణన హాస్టల్లోనే లెక్కపెడుతుంది, సంస్థాగత కుటుంబం అన్న కోవలో. లెక్క జరిగేది ఫిబ్రవరిలో. బడులు నిండుగా నడిచే నెల. డుంబ్రిగుడ కొండ మీది ఊరి పిల్లలు ఆ లెక్కలో అరకులోనో పాడేరులోనో పడతారు. ఉదాహరణకు ఒక ఊరు అనుకుందాం: పద్దెనిమిది ఇళ్లు, నూటపదిమంది జనం, వాళ్లలో హాస్టళ్లలో ఉన్న పిల్లలు ఇరవైమంది. పట్టికలో ఆ ఊరి జనాభా తొంభై అవుతుంది. ఊళ్లో చదువుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ ఇరవైమందే కాబట్టి అక్షరాస్యత ఒక్కసారిగా అడుగంటుతుంది. మండల కేంద్రం మాత్రం అసలు ఉన్నదానికంటే పెద్దదిగా, చదువుకున్నదిగా కనిపిస్తుంది. ఆ పిల్లలు సెలవులకు వచ్చేది ఈ ఊరికే, రేపు బతకాల్సిందీ చాలామటుకు ఇక్కడే. రోడ్డు కోసం వేసే లెక్కలో వాళ్లు లేరు.

పెద్దవాళ్లదీ ఇదే కథ. కాఫీ కోత ముగిసే వేళ, పోడు కొట్టడం మొదలయ్యే వేళ, చింతపండు దించే వేళ ఫిబ్రవరి. మగవాళ్లు కొందరు మైదానం పనులకు దిగిపోయి ఉంటారు. పగలు వెళ్తే ఊళ్లో ముసలివాళ్లు తప్ప ఉండరు, సంత రోజున వాళ్లూ ఉండరు. ఊరిని తెలిసినవాళ్లు చీకటి పడ్డాక వెళ్తారు. తెలియనివాళ్లు ఇళ్లకు తాళాలు చూసి పక్కింటి వాళ్లని అడిగి రాసుకొస్తారు.

పాత లెక్కలతో పోల్చబోతే ఇంకో గోతిలో పడతాం. 1839 నాటి 24వ చట్టంతో విశాఖ కొండలు ఏజెంటుగా వ్యవహరించే కలెక్టరు చేతిలోకి వెళ్లాయి, ఏజెన్సీ అన్న మాట అక్కడి నుంచే నిలిచిపోయింది. 1931 వరకు దేశమంతా ఒకే రాత్రి జనాన్ని లెక్కపెట్టే పద్ధతి ఉండేది. అడవిలో, కొండల్లో అది సాగక ముందుగానే వేరే తేదీల్లో కానిచ్చేవారు. 1901లో మద్రాసు రాష్ట్ర జనగణన నడిపిన డబ్ల్యూ. ఫ్రాన్సిసే 1907లో విశాఖపట్నం జిల్లా గెజెటీర్ రాశాడు, కాబట్టి ఆ పుస్తకంలోని తెగల వివరాలకు ఆ లెక్కలే పునాది. అయితే ఆనాటి విశాఖ ఏజెన్సీలో జయపురం జమీందారీ అంతా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి కోరాపుట్ ప్రాంతం అటు వెళ్లిపోయింది. గదబల్లో, పోర్జల్లో అధిక భాగం ఒక్క రోజులో మన పట్టికల నుంచి బయటికి పోయారు, ఎవరూ గడప దాటకుండానే. ఆ తరవాత 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు విడిపోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా 22 మండలాలతో ఏర్పడింది. అప్పుడు దానికి 2011 జనాభా అని చెప్పిన తొమ్మిదిన్నర లక్షలు పాత విశాఖ జిల్లాలోని పదకొండు మండలాలనూ, తూర్పు గోదావరి వైపు పదకొండు మండలాలనూ కూడి తెచ్చిన మొత్తం. వాటిలో నాలుగు మండలాలు 2011లో ఖమ్మం జిల్లావి. పాడేరు వైపు పదకొండు మండలాల్లో ఆరు లక్షల పైన జనం, పదిమందిలో తొమ్మిదిమంది గిరిజనులు. ఆ జిల్లా సగటు చూస్తే ఆ తేడా కనబడేది కాదు. ‘నూరేళ్లలో గదబలు ఇంత పెరిగారు’ అని ఎవరైనా గ్రాఫు గీసి చూపిస్తే, ఏ సరిహద్దులో అని అడగండి.

సాలూరు కొండల పైన కోటియా గ్రామాల సంగతి వేరే వ్యాసం రాయాల్సినంత ఉంది. ఇరవై ఒక్క ఊళ్లు, ఆంధ్ర మావంటుంది, ఒడిశా మావంటుంది, 1968 నుంచి కోర్టుల్లో నలుగుతోంది. ఆ ఊళ్లవాళ్ల చేతుల్లో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ రేషన్ కార్డులూ ఉన్నాయి. అరకు కొండల్లో ఊళ్లు లెక్కకు అందకపోతే, అక్కడ ఒకే మనిషి రెండు ప్రభుత్వాల లెక్కల్లో ఉన్నాడు.

ఒకే మనిషి ఎస్టీ అవడం, కాకపోవడం కూడా అతను నిలబడిన చోటును బట్టి మారుతుంది. వాల్మీకులను జాబితా షెడ్యూల్డు ప్రాంతాల్లో మాత్రమే ఎస్టీలుగా గుర్తిస్తుంది. అరకులో పుట్టి పెరిగిన వాల్మీకి కుర్రాడు గాజువాకలో గది తీసుకుని ఉద్యోగం చేసుకుంటుంటే, లెక్కల రోజున జాబితా ప్రకారం అతను ఎస్టీ కాడు. ఘాట్ రోడ్డు ఎక్కితే అవుతాడు. వలసలు పెరిగేకొద్దీ ఇలాంటి తెగల సంఖ్యలో ఈ మేరకు తరుగు పడుతూనే ఉంటుంది.

ఇంతకీ ఒక ఊరు తొంభైమందా, నూటపదిమందా అన్నది ఎందుకంత ముఖ్యం? ప్రభుత్వ పథకాలన్నీ గీతలు గీసుకుని కూర్చున్నాయి కాబట్టి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు వేస్తుంది, షెడ్యూల్డు ప్రాంతాల్లో 250 మందికి. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పీవీటీజీ ఊళ్లకు ఆ గీతను 100కు దించింది. గిరిజన ప్రాంతాల్లో అంగన్‌వాడీకి కనీసం 300 మంది కావాలి, మినీ కేంద్రానికి 150. ఆరోగ్య ఉపకేంద్రానికి 3,000, పీహెచ్‌సీకి 20,000. ఇందాకటి ఊరు హాస్టల్ పిల్లలతో కలిపి నూరు దాటుతుంది, లేకపోతే దాటదు. శివారు గ్రామంగా విడిగా చూపితే ఒక పథకానికి అర్హత వస్తుంది, కింది ఊరితో కలిపితే ఇంకో పథకానికి వస్తుంది. ఎలా చూపాలన్నది మాత్రం ఆ ఊరి చేతిలో లేదు. ఏజెన్సీ అంచున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని గొలుగొండ, నాతవరం, రావికమతం, దేవరాపల్లి మండలాల్లో గిరిజనులే ఉండే ఊళ్లు షెడ్యూల్డు ప్రాంతంలో చేరక దశాబ్దాలుగా అడుగుతున్నాయి. వాళ్ల వాదనకు ఆధారం కూడా ఊరివారీ ఎస్టీ శాతమే. ఆ కొండ శివారును మైదానపు రెవెన్యూ గ్రామంలో కలిపి లెక్కవేస్తే శాతం సగానికి పడిపోతుంది.

సీట్లకూ లెక్కే ఆధారం. అరకు లోక్‌సభ స్థానం 2008 పునర్విభజనలో పుట్టింది, 2009లో తొలి ఎన్నిక. రాబోయే పునర్విభజన కూడా జనాభా లెక్కల మీదే జరుగుతుంది.

జనగణన ఇవ్వలేని సంఖ్యను ఇతర శాఖలు తామే తయారుచేసుకున్నాయి. జన్‌మన్ ప్రకటించిన రోజున దేశంలో పీవీటీజీలు సుమారు 28 లక్షలన్నారు. తరవాత ఊరూరా సర్వే చేస్తే 45 లక్షలు దాటారు. కొద్ది కాలంలోనే ఇన్ని లక్షల మంది పెరిగింది పేపర్ మీదే. మొదటి సంఖ్య ఎంత అంచనాగా ఉందో రెండోది బయటపెట్టింది. రెండోదాన్ని కూడా పూర్తిగా నమ్మడానికి నాకు మనసొప్పదు. ఇల్లు, రోడ్డు, కరెంటు వస్తాయన్న ఆశతో చేసే సర్వేలో పేర్లు చేరడం సహజం. ఏమీ ఇవ్వని లెక్కలో పేర్లు జారిపోవడమూ సహజమే. పథకంతో ముడిపడకుండా, చట్టం గోప్యతకు హామీ ఇచ్చి చేసే లెక్క జనగణన ఒక్కటే. అందుకే దాన్ని బాగుచేసుకోవాలి, దాని పని ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) సర్వేలకు వదిలేయకూడదు.

రాబోయే లెక్కకు ముహూర్తం ఖరారైంది. 2025 జూన్ 16న నోటిఫికేషన్ వచ్చింది. 2026 ఏప్రిల్–సెప్టెంబరు మధ్య ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో జనగణన, మార్చి 1 లెక్కకు గుర్తు తేదీ. స్వాతంత్ర్యం వచ్చాక జనగణనలో మొదటిసారి అన్ని కులాల పేర్లూ అడుగుతారు. కాగితం పోయి ఫోన్ వస్తోంది. పీవీటీజీలను విడిగా లెక్కించమని గిరిజన మంత్రిత్వ శాఖ జనగణన కమిషనర్‌ను కోరింది కూడా. కొండల మీద సిగ్నల్ లేదన్న భయం ఉంది కానీ అది పెద్ద అడ్డంకి కాదు. నింపుకుని కిందికి వచ్చి పంపొచ్చు. నాకు ఆశ కలిగిస్తున్నది ఇంకోటి. ఈసారి ప్రతి భవనానికీ భూమి మీద దాని చోటును గుర్తిస్తారు. ఇల్లు ఎక్కడుందో తెలిశాక, ఆ ఇళ్లను రెవెన్యూ గ్రామంగానే కూడాలన్న నిర్బంధం సాంకేతికంగా తొలగిపోయినట్టే. గట్టు మీది పద్దెనిమిది ఇళ్లను విడిగా కూడవచ్చు. కొత్తగా ఎవర్నీ లెక్కపెట్టనక్కర్లేదు, కూడిక మారిస్తే చాలు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది గోప్యత. పద్దెనిమిది ఇళ్ల ఊరిలో తెగలవారీగా, చదువువారీగా అచ్చు వేస్తే ఆ ఒక్క డిగ్రీ చదివిన అమ్మాయి ఎవరో అందరికీ తెలిసిపోతుంది. 1948 జనగణన చట్టం వ్యక్తి వివరాలు బయటపడకూడదంటుంది, అనాల్సిందే. కెనడా తన పట్టికల్లో చిన్న అంకెల్ని అయిదు గుణిజాలకు సవరించి వేస్తుంది, న్యూజిలాండ్ మూడు గుణిజాలకు. ఊరి జనం ఎందరు, ఇళ్లెన్ని, ఏ తెగవాళ్లు అన్న మూడు సంగతులు అలా సవరించి ఇస్తే రోడ్డుకూ అంగన్‌వాడీకీ చాలు. మిగతావి మండల స్థాయిలో ఉండొచ్చు.

రెండో అభ్యంతరం గదబ పెద్దల నుంచే వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. ముప్ఫై ఎనిమిది వేలు అంటేనే ఎవరూ పట్టించుకోవడం లేదు, దాన్ని ఆరేడు ముక్కలు చేస్తే మా మాటకు విలువేముంటుంది అంటారు. బగతలు, కొండదొరలు లక్ష పైన ఉన్న ప్రాంతంలో ఈ భయానికి అర్థముంది. సీటు అడిగేటప్పుడు మొత్తమే బలం. మందులు, గుటోబ్‌లో మాట్లాడగల టీచరు, కాన్పుల లెక్క అడిగేటప్పుడు విడి అంకెలే ఆధారం. అందుకని వరుస మొత్తమూ, దాని కింద ఒక్కో పేరుకీ విడి సంఖ్యా, రెండూ అచ్చు కావాలి. ఒకటి ఉండాలంటే రెండోది పోవాలన్న నియమం ఎక్కడా లేదు.

ఇప్పుడు చేయగలిగిన పని పెద్దదేమీ కాదు. గ్రామీణ ప్రాంతంలో జనగణన చార్జి అధికారి తహసీల్దారు. ప్రతి గ్రామసభా తన పరిధిలోని శివారు గ్రామాల పేర్లు, ఒక్కోదానిలో ఎన్ని ఇళ్లు, ఎక్కడికి ఎన్ని గంటల నడక, హాస్టళ్లలో చదివే పిల్లలు ఎందరు అన్నది రాసి ఆయనకు ఇవ్వాలి. జవాబులు నమోదు చేసే కోడ్ పట్టికలో గుటోబ్, బోడో, పరంగి, కఠేరా పేర్లకు విడి అంకెలు ఉన్నాయో లేదో ఎన్యూమరేటర్ల శిక్షణ మొదలయ్యేలోగా చూసుకోవాలి. లేకపోతే రాసి అడగాలి, 2027 ఫిబ్రవరి రాకముందే.